వట్టిపోయిన పొదుగులో జరిగే పని

పశువైద్య కళాశాలలో పొదుగు పాఠం మొదలుపెట్టే రోజున నేను బోర్డు దగ్గరికి వెళ్ళను. సూక్ష్మదర్శిని కింద రెండు స్లైడ్లు పెట్టి, పిల్లల్నే చూడమంటాను. మొదటిది ఇంకా ఎదకు రాని పడ్డ పొదుగులోంచి కోసిన పలుచని పొర. చూసిన మేర అంతా కొవ్వే. ఆ కొవ్వు మధ్య అక్కడొకటి ఇక్కడొకటి సన్నని గొట్టాలు, కొసలు మొద్దుబారినట్టు ఆగిపోయి ఉంటాయి. రెండో స్లైడు ఈని నెల దాటిన గేదెది. ఇందులో కొవ్వుకు చోటే ఉండదు. గుండ్రటి సంచులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో సంచి గోడలో ఒకే ఒక్క వరస కణాలు. వాటి పైకొసల్లో తెల్లటి సున్నాలు కనిపిస్తాయి. అవి పాలలోకి జారడానికి సిద్ధమైన వెన్న బొట్లుండిన చోట్లు. స్లైడు తయారుచేసేటప్పుడు వెన్న కరిగిపోయి ఖాళీ మిగులుతుంది.

రెండు పశువులూ ముర్రా జాతివే. కణాల్లో ఉన్న జన్యువులూ అవే. మరి మొదటి పొదుగులో చేతులు ముడుచుకుని కూర్చున్న కణాలకు లేచి పెరగమని, పెరిగింది చాలు ఆగమని, ఇక పాలు చెయ్యమని ఎవరు చెప్పారు? హార్మోన్లు అని పిల్లలు ఠక్కున అంటారు. అది సగం జవాబు. మిగతా సగం ప్రొటీన్లది. ఆ సగం తెలిస్తేనే పాడి రైతు ఇంట్లో జరిగే ఒక పెద్ద నష్టం అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

హార్మోన్ల కథ ముందు చెప్పి ముందుకు పోతాను. 1928లో స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి రసాన్ని కుందేళ్ళకు ఎక్కించి పాలు రప్పించారు. ఆ రసంలోని ప్రొటీన్ హార్మోన్‌కు ప్రొలాక్టిన్ అని 1933లో పేరు పెట్టింది ఆస్కార్ రిడిల్ బృందం. ఆయన పనిచేసింది పావురాల మీద. పావురం తన పిల్లలకు గొంతు సంచిలోంచి పాలలాంటి పదార్థం పెడుతుంది. దాన్ని ఊరించేదీ ప్రొలాక్టినే. 1958లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో లయన్స్ బృందం ఎలుకల మీద, మన దేశం నుంచి వెళ్ళిన సత్యబ్రత నంది చిట్టెలుకల మీద ఎంతో ఓపికైన పని చేశారు. ఆడ ఎలుకకు అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు, పీయూష గ్రంథి తీసేసి, ఒక్కొక్క హార్మోన్‌నే తిరిగి ఇస్తూ ఏది ఇస్తే ఏం మొలుస్తుందో చూశారు. ఈస్ట్రోజెన్, పెరుగుదల హార్మోన్, అడ్రినల్ హార్మోన్ కలిపి ఇస్తే గొట్టాలు సాగాయి. వాటికి ప్రొజెస్టరాన్, ప్రొలాక్టిన్ కలిపితే గొట్టాల చివర పాలసంచులు మొలిచాయి. ఆ తర్వాత అండాశయ హార్మోన్లు ఆపి, ప్రొలాక్టిన్‌నూ అడ్రినల్ హార్మోన్‌నూ ఉంచితే పాలు పడ్డాయి. ఈ వరస ఎక్కడా తప్పకూడదు.

అయితే రక్తంలో హార్మోన్ ఒళ్ళంతా తిరుగుతుంది. చెవికీ, తోకకూ అందే ఈస్ట్రోజెన్‌కు పొదుగు మాత్రమే ఎందుకు పలుకుతుంది? దానికి కారణం గ్రాహకాలు. హార్మోన్‌ను పట్టుకునే ఈ ప్రొటీన్లు ఉన్న కణానికే ఆ మాట వినిపిస్తుంది. ఇక్కడే శాస్త్రవేత్తలకు పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. పొదుగు గొట్టంలో ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉన్న కణాలను ఒక రంగుతో, విభజన చెందుతున్న కణాలను మరో రంగుతో గుర్తుపెట్టి చూస్తే ఆ రెండు రంగులూ ఒకే కణంలో దాదాపు కలవవు. విన్న కణం పెరగడం లేదు, పక్కనున్నది పెరుగుతోంది. పూర్వం ఊళ్ళో టముకు వేసేవాడిని చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కరణం చెప్పింది అతను వింటాడు, వీధి వీధికీ చాటుతాడు, పని చేసేది ఊరివాళ్ళు.

ఈ టముకు శబ్దం కూడా ప్రొటీనే. ఈస్ట్రోజెన్‌ను విన్న కణం ఆంఫిరెగ్యులిన్ అనే ప్రొటీన్‌ను బయటికి వదులుతుంది. అది చుట్టూ ఉన్న కణజాలాన్ని కదిలిస్తే అక్కడినుంచి గొట్టం కొసకు పెరుగుదల సందేశం వస్తుంది. ఆంఫిరెగ్యులిన్ జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో ఎంత ఈస్ట్రోజెన్ ఉన్నా గొట్టాలు సాగవు. చూడి కాలంలో ప్రొజెస్టరాన్‌ను విన్న కణం ర్యాంక్‌ఎల్ అనే మరో ప్రొటీన్‌ను వాడుతుంది. దీని కథ నాకు మరీ ఇష్టం. ర్యాంక్‌ఎల్ అప్పటికే ఎముకల శాస్త్రంలో పేరున్న ప్రొటీన్. ఎముకను కరిగించి కాల్షియం విడిపించే కణాలను తయారుచేసేది అదే. 2000 సంవత్సరంలో పెన్నింగర్ బృందం ఆ జన్యువు లేని చిట్టెలుకలను పెంచి చూస్తే, ఎముకలు గట్టిపడిపోవడమే కాదు, తల్లులకు పాలసంచులు మొలవలేదు, పిల్లలకు పాలు లేవు. పాలు చేసే కణాలను పెంచేదీ, ఆ పాలలోకి పోయే కాల్షియాన్ని ఎముకలోంచి తీసేదీ ఒకే ప్రొటీన్. ఈనిన గేదెకు పాలజ్వరం వచ్చి కూలబడినప్పుడు కాల్షియం సీసా ఎక్కిస్తూ నేను చాలాసార్లు దీన్నే తలుచుకున్నాను.

పెరగమనే మాటకు ఎంత విలువుందో ఆగమనే మాటకూ అంతే ఉంది. 1987లో కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్‌లో సిల్బర్‌స్టీన్, డేనియల్ చేసిన ప్రయోగం ఈ విషయాన్ని కళ్ళకు కట్టింది. టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్‌ను చిన్న ప్లాస్టిక్ గుళికలో నింపి, ఎదుగుతున్న చిట్టెలుక పొదుగులో పెట్టారు. గుళికలోంచి ప్రొటీన్ కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. గుళిక దగ్గరి గొట్టాల కొసలు అక్కడికక్కడే ఆగి, ముడుచుకుపోయాయి. దూరంగా ఉన్నవి మామూలుగానే సాగాయి. గుళికలో ప్రొటీన్ అయిపోగానే ఆగినవి మళ్ళీ కదిలాయి. అంటే ఆ ప్రొటీన్ కణాన్ని చంపడం లేదు, నిలబెడుతోంది. పొదుగులో గొట్టానికీ గొట్టానికీ మధ్య ఎప్పుడూ కొంత ఖాళీ ఎందుకుంటుందో దీంతో అర్థమైంది. చూడి కాలంలో పాలసంచులు మొలవడానికి ఆ జాగా కావాలి. గొట్టాలే దాన్ని ఆక్రమిస్తే పాలకు చోటుండదు.

ఇక పాలు చేసే దశ. గాటా-3, ఎల్ఫ్-5 అనే ప్రొటీన్లు కేంద్రకంలో కూర్చుని, ఈ కణం పాలవైపు వెళ్ళాలి అని నిర్ణయించేస్తాయి. వాటి తర్వాత అసలు పని చేసేది స్టాట్-5. దీన్ని మొదట పాలిస్తున్న గొర్రె పొదుగులోంచి వేరుచేసింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బెర్న్‌ట్ గ్రోనర్ బృందం. 1994లో దాని జన్యువును కూడా పట్టుకున్నారు. పాలు లేని రోజుల్లో స్టాట్-5 కణద్రవంలో ఊరికే తేలుతూ ఉంటుంది. ప్రొలాక్టిన్ వచ్చి కణం పైపొర మీది గ్రాహకాన్ని పట్టుకోగానే, ఆ గ్రాహకాన్ని అంటుకుని ఉన్న జాక్-2 అనే ఎంజైము మేల్కొంటుంది. అది స్టాట్-5 మీద ఒక నిర్దిష్టమైన చోట ఫాస్ఫేటును అతికిస్తుంది. ఫాస్ఫేటు పడిన రెండు స్టాట్-5లు జతకట్టి కేంద్రకంలోకి వెళ్ళి, కేసీన్ జన్యువు ముందున్న తమ చోటులో కూర్చుంటాయి. అక్కడినుంచి కేసీన్ తయారీ మొదలవుతుంది. పెరుగు తోడుకునేదీ, పనీరు విరిగేదీ ఈ కేసీన్ వల్లే. 1997లో అమెరికాలోని బెథెస్డాలో హెన్నిగ్‌హౌసెన్ బృందం స్టాట్-5ఏ లేని చిట్టెలుకలను తయారుచేసింది. ఆ తల్లులు చక్కగా ఈనాయి. పిల్లలను దగ్గరికి తీసుకున్నాయి. కానీ పాలు లేవు. రక్తంలో ప్రొలాక్టిన్ ఉన్నా, దాని మాటను కేంద్రకం దాకా మోసేది లేక పొదుగు ఎండిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పొదుగు కణాన్ని తీసి ప్లాస్టిక్ గిన్నెలో పెంచితే, ప్రొలాక్టిన్ ఎంత పోసినా అది చపాతీలా పరుచుకుంటుంది తప్ప పాలు చెయ్యదు. 1977లో ఎమర్మన్, పిటెల్కా అదే కణాలను కొల్లాజెన్ జిగురు మీద పెంచి, ఆ జిగురు పొరను గిన్నె అంచు నుంచి విడిపించి ద్రవంలో తేలనిచ్చారు. కణాలు నిటారుగా లేచి, పైకొస ఏదో కింది కొస ఏదో తెలుసుకుని, పాల ప్రొటీన్లు చెయ్యసాగాయి. ఆ తర్వాత మినా బిస్సెల్ లాంటి వాళ్ళు, కణం కింద ఉండే పొరలోని లామినిన్ అనే ప్రొటీన్ తగలకపోతే ప్రొలాక్టిన్ మాట కణానికి చెవికెక్కదని చూపించారు. తన చోటు తనకు దొరికాకే ఆ కణం పనిలోకి దిగుతుంది.

ఈ దశ నుంచే పల్లెల్లో నేను రోజూ వాదించే విషయం ఒకటి మొదలవుతుంది. పాలు పితికే ముందు గేదెకు వేసే సూది. అందులో ఉండేది ఆక్సిటోసిన్. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. దూడ మూతి తగిలినప్పుడు గేదె మెదడు దాన్ని తనంతట తానే వదులుతుంది. పాలసంచి చుట్టూ బుట్టలా అల్లుకున్న కండర కణాలను అది బిగిస్తుంది, పాలు కిందికి దిగుతాయి. దాన్నే మనం చేపడం అంటాం. ఆవు పొదుగులో ఐదో వంతు పాలు ముందే కింది తొట్టిలో చేరి ఉంటాయి. గేదెలో అలా చేరేవి నూటికి ఐదు పాళ్ళే, మిగతావన్నీ పైన సంచుల్లోనే. కాబట్టి గేదె చేపకపోతే చుక్క రాదు. దూడ పోయిన గేదె విషయంలో రైతుకు ఎంత బాధ కలుగుతుందో నాకు తెలుసు. కానీ సూది చేసేది అప్పటికే తయారైన పాలను బయటికి నెట్టడమే. కేసీన్ జన్యువు దాకా దానికి దారి లేదు. సూదితో పాలు పెరుగుతాయని అమ్మేవాళ్ళు అబద్ధం చెబుతున్నారు.

పాలు పెరగడం తరగడం చాలావరకు పితికే చేతిలో ఉంది. స్కాట్లాండ్‌లోని ఎయిర్‌లో హన్నా పరిశోధన సంస్థ వాళ్ళు మేకల మీద ఒక పని చేశారు. పొదుగులో ఒక పక్కను రోజుకు మూడుసార్లు, రెండో పక్కను రెండుసార్లు పితికారు. మూడుసార్లు పితికిన పక్కనే పాలు పెరిగాయి. రక్తం రెండు పక్కలా ఒకటే, హార్మోన్లూ ఒకటే. అంటే నిలిచిన పాలే తమను చేసిన కణాలకు తగ్గమని చెబుతున్నాయి. పాలు పూర్తిగా నిలిచిపోతే ఆ మాట ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు స్టాట్-5 వెనక్కి తగ్గి, దాని దాయాది స్టాట్-3 మేల్కొంటుంది. చిట్టెలుకలో పిల్లలను వేరుచేసిన మొదటి 48 గంటల్లో తిరిగి దగ్గర చేరిస్తే పొదుగు కోలుకుంటుంది. ఆ గడువు దాటితే పాలు చేసిన కణాల్లో ఎక్కువభాగం చచ్చిపోతాయి. మిగిలిన కణాలు ఆ శకలాలను తినేసి శుభ్రం చేస్తాయి, కొవ్వు తిరిగి వచ్చి చోటు నింపుతుంది.

ఈ ప్రొటీన్లే మన ఆడవాళ్ళ రొమ్ములోనూ పనిచేస్తాయి. పశువైద్యురాలిగా నాకు గర్వం కలిగించే చరిత్ర ఒకటి ఇక్కడుంది. గ్లాస్గో వైద్యుడు జార్జ్ బీట్సన్ తన చదువు రోజుల్లో పాలు పడే తీరు మీద పరిశోధన చేశాడు. ఆవు ఈనిన తర్వాత అండాశయాలు తీసేస్తే ఎక్కువ కాలం పాలిస్తుందని కొందరు రైతులు చేసే పని ఆయన చెవిన పడింది. రొమ్మును ఎక్కడో దూరాన ఉన్న అండాశయం నడిపిస్తోందన్న ఆలోచన అక్కడినుంచి వచ్చింది. ఈస్ట్రోజెన్ అన్న పేరే పుట్టని రోజులవి. రొమ్ము క్యాన్సర్ ముదిరిన స్త్రీలకు అండాశయాలు తీసేస్తే కొందరిలో గడ్డలు కరిగాయని ఆయన 1896లో ప్రకటించాడు. తర్వాతి కాలంలో ఈస్ట్రోజెన్ గ్రాహకం దొరికింది, దాన్ని అడ్డుకునే టమాక్సిఫెన్ మాత్ర వచ్చింది. పెరుగుదల మాటను వినే హెర్-2 అనే మరో గ్రాహకం కొన్ని గడ్డల్లో మితిమీరి ఉంటుందని తేలాక, దాన్ని పట్టి ఆపే ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఈ రోజు రొమ్ము గడ్డ ముక్క పరీక్షకు వెళితే నివేదికలో ఈఆర్, పీఆర్, హెర్-2 అని మూడు పేర్లు వస్తాయి. ఏ మందు ఇవ్వాలో వాటిని బట్టే తేలుస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ నివేదిక వస్తే ఆ మూడూ ఏమిటో డాక్టరును అడిగి తెలుసుకోండి. బిడ్డకు పాలివ్వడం గురించి కూడా ఒక మాట. 30 దేశాల అధ్యయనాలను కలిపి 2002లో వేసిన లెక్కలో, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 4.3 శాతం చొప్పున తగ్గినట్టు తేలింది. పాలివ్వడం బిడ్డకే కాదు, తల్లికీ మేలే.

మళ్ళీ గేదె దగ్గరికి వస్తాను. పాడి గేదెలో చిట్టెలుకలా మొత్తం కూలిపోదు, ఎందుకంటే వట్టిపోయే వేళకు అది మళ్ళీ చూడితో ఉంటుంది. ఒక పక్క పాత కణాలు పోతుంటే, మరోపక్క చూడి హార్మోన్లు కొత్త కణాలను పుట్టిస్తుంటాయి. అమెరికాలో బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కాపుకో బృందం ఆవుల మీద చూసింది ఇదే. ఈనడానికి ముందు అరవై రోజులు పితకడం ఆపిన ఆవుల్లో ముసలి కణాల స్థానంలో కొత్తవి జోరుగా వచ్చాయి. ఆపకుండా పితికిన ఆవుల్లో ఆ మార్పిడి చాలా వెనకబడింది. స్టాట్-5కు పనిచెప్పే కొత్త కణం లేకుండా పాత కణాలతోనే కొత్త ఈతను మొదలుపెడితే ఏమవుతుందో స్వాన్సన్ అనే ఆయన 1965లో చూపించాడు. ఒకే రూపు కవల ఆవులను తీసుకుని, ఒకదానికి అరవై రోజుల విరామం ఇచ్చి, దాని తోబుట్టువును ఆపకుండా పితికించాడు. విరామం లేని ఆవు తర్వాతి ఈతలో తన తోబుట్టువు ఇచ్చిన పాలలో 75 శాతమే ఇచ్చింది. ఆపై ఈతలో 62 శాతానికి పడిపోయింది. మేత ఒకటే, రక్తం ఒకటే. తేడా ఆ రెండు నెలలే.

మా ప్రాంతంలో ఒకావిడ నన్ను నిలదీసింది. "ఇంకా మూడు లీటర్లు ఇస్తా ఉండాది, ఎట్టా ఆపమంటావు డాక్టరమ్మా? పాల కేంద్రం డబ్బులతోనే మాకు నెల గడిచేది" అంది. ఆమె మాటను కొట్టిపారెయ్యడానికి నాకు మనసు రాలేదు, ఎందుకంటే ఆ మూడు లీటర్ల డబ్బుతోనే పిల్లవాడి ఫీజు కడుతోంది. అక్కడే కూర్చుని లెక్క వేశాం. రోజుకు మూడు లీటర్లు, అదీ చివరిదాకా తగ్గకుండా ఇస్తుందనుకున్నా, అరవై రోజులకు 180 లీటర్లు. ఆ గేదె ఒక ఈతలో 1,800 లీటర్లు ఇచ్చేది. అందులో నాలుగో వంతు పోతే 450 లీటర్లు. ఆవు లెక్కను గేదెకు యథాతథంగా అంటగట్టకూడదు, నష్టం అందులో సగమే అనుకున్నా 225 లీటర్లు పోయినట్టే. పైగా పొదుగులో కొత్త కణాలు పుట్టడానికి, ముర్రుపాలు చిక్కబడడానికి, కడుపులోని దూడ బరువు పెరగడానికి ఆ నెలలే ఆధారం. ఆవిడ కాగితం మడిచి బొడ్డున పెట్టుకుంది. ఏం చేసిందో నేను అడగలేదు. ఆ నిర్ణయం వాళ్ళ ఇంటిది.

పాడి ఉన్న ప్రతి ఇంటికీ నా మాట ఇది. గేదె చూడి కాలం దాదాపు 310 రోజులు. కట్టించిన తేదీ గోడ మీదైనా సరే రాసి పెట్టుకోండి, ఎనిమిది నెలలు దాటగానే పితకడం ఆపండి. ఆపే ముందు నాలుగైదు రోజులు దాణా తగ్గించండి, నీళ్ళు మాత్రం తగ్గించకండి. ఒకసారి పశువైద్యుణ్ణి పిలిచి పొదుగువాపు లేదని చూపించుకోండి, అవసరమైతే ఆయన చన్నుల్లో మందు ఎక్కిస్తారు. ఆపిన తర్వాత రెండు మూడు రోజులు పొదుగు బిగిసి ఉంటుంది, భయపడకండి. పాపం అనిపించి రోజూ కాస్త పితికితే, నిలిచిన పాలు చెప్పే మాట కణాలకు అందదు, పని మళ్ళీ మొదటికి వస్తుంది. పొదుగు ఎర్రబడి, వేడెక్కి, గేదె మేత మానేస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా వైద్యుడికి చూపించండి. ఆ రెండు నెలలూ గేదె వట్టిగా నిలబడిందని అనుకోవద్దు. అది వచ్చే ఈత పాల కణాలను తయారుచేసుకుంటోంది.